చెక్క కింద చెయ్యి

రాజామణి నోరు మంచిదని తంజోంగ్ పగార్ ప్రార్థన కూటంలో అందరూ ఒప్పుకుంటారు. ఆవిడ పుట్టింది పక్కనున్న మలేషియాలో, ఉద్యోగం పాయా లేబర్‌లో ఒక ఆఫీసు రిసెప్షన్‌లో. ఆదివారం మాత్రం పాస్టరు పక్కన నిలబడి, ఆయన ఇంగ్లీషులో చెప్పిందల్లా తెలుగులో చెబుతుంది. వినేది శ్రీకాకుళం వైపు నుంచి కట్టడం పనికి వచ్చిన కుర్రాళ్లు. కొందరు ప్రభువు కోసం వస్తారు, కొందరు తర్వాత పెట్టే బిర్యానీ కోసం. ఆవిడకి ఇద్దరూ ఒకటే.

ఆ ఆదివారం పాస్టరు వందల ఏళ్ల కిందటి ఒక ప్యూరిటన్ బోధకుడి ప్రసంగం చదివారు. రాజామణికి ఒళ్లు జలదరించింది. ఆ పాతకాలపు మనిషి ఎక్కడా అరవలేదు, భయపడండి అని ఒక్కసారైనా అనలేదు. గడ్డకట్టిన చెరువును చూపించాడు. దాని మీద పాపులు నవ్వుకుంటూ నడుస్తున్నారు. కింద నల్లటి నీళ్లు నోరు తెరుచుకుని కాచుకున్నాయి. అంతే! భయం వినేవాడే తెచ్చుకోవాలి.

సరే, గడ్డకట్టిన చెరువు ఈ కుర్రాళ్లు ఎక్కడ చూశారు గనక? రాజామణి చెరువు తీసేసి పరంజా పెట్టింది.

"ఇరవయ్యో అంతస్తులో పరంజా చెక్క మీద నిలబడ్డావు నాయనా. చెక్కకి లోపల చెద పట్టింది. ఆ సంగతి నీకు తెలీదు. చెక్కకి తెలుసు."

విసురుకుంటున్న కాగితాలు ఆగిపోయాయి. ఎవరూ దగ్గలేదు కూడా. నిజం చెప్పొద్దూ, రాజామణికి గర్వమేసింది.

బుధవారం పొద్దున్న ఫోన్ వచ్చింది. కూటంలో వెనక వరసలో కూర్చునే సుధాకరరావు.

"ఆంటీ, పరంజా ఎక్కలేకపోతన్నాను. కాలెడితే సెక్క లోపల ఏదో నవుల్తన్నట్టు ఇనబడతంది. రేపు ఎక్కపోతే ఇంటికి పంపేస్తానన్నాడు సూపర్‌వైజరు."

"అయ్యో తంబీ! అది ఉత్త పోలికరా!"

"మీరు సెప్పినప్పుడు పోలికలా నేదు."

రాజామణి గుండె జారిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని వాళ్లమ్మ అనేది. ఇప్పుడు తన నోటి మూలంగా వాడి కాలు జారేలా ఉంది. నచ్చజెబితే పోయే భయం కాదది. బొమ్మ చూపించి పెట్టిన భయం ఇంకో బొమ్మ చూపిస్తేనే పోతుంది.

"కళ్లు మూసుకో. చెక్క కింద ఒక చెయ్యి ఉంది. వెచ్చటి చెయ్యి. నువ్వు కాలు పెట్టే ప్రతి చోటికీ అదే ముందు వచ్చి ఆనుతుంది. కనబడిందా?"

 "ఉంది ఆంటీ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నుంచి రాజామణి కుడి అరచెయ్యి ఒకటే పీకుడు. ఏదో బరువు మోస్తున్నట్టు సాయంత్రం దాకా లాగేస్తుంది, సైట్లలో పని ఆగే వేళకి తగ్గిపోతుంది. "టైపింగ్ ఎక్కువైంది మా, రెస్ట్ లాహ్" అంది కూతురు శర్మిల. శనివారం మధ్యాహ్నం ఇక తాళలేక మాత్ర వేసుకుని, చెయ్యి దిండు మీద వదిలేసి నిద్రపోయింది.

ఆదివారం కూటం మొదలయ్యే ముందు సుధాకరరావు నవ్వుతూ వచ్చాడు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"మకాన్ అయ్యిందా తంబీ, తిన్నావా? ఎక్కుతున్నావా?"

"ఎక్కతన్నాను ఆంటీ. సెయ్యి రోజూ వస్తంది, అరికాలికి వెచ్చగా తగుల్తంది. నిన్న మద్దేనం మాత్రం రానేదు. ఎందుకో అనుకుని అడుగెయ్యకుండా ఆగిపోయాను. నా కళ్ల ముందే ఆ సెక్క ఇరిగి పడిపోయింది."

రాజామణి కుడిచెయ్యి చీర కొంగు కింద దాచుకుంది. 

"ఎవరిది ఆంటీ ఆ సెయ్యి? అక్కడెట్టింది మీరే కదా."

"దేవుడిది రా" అంది. గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

"మా డార్మిటరీలో అందరికీ సెప్పాను. రేపట్నుంచి ఆళ్లూ దాని మీదే కాలెడతారంట."

పాస్టరు పిలుస్తున్నారు. రాజామణి వెళ్లి మైకు ఎడమచేత్తో అందుకుంది. ఎదురుగా బెంచీల నిండా కుర్రాళ్లు, అందరూ ఆవిడ కుడిచేతి వైపే చూస్తూ నవ్వుతున్నారు.