వినీత ఇంట్లో అప్పగింతలు

మా జూనియర్ కాలేజీలో వినీత చరిత్ర చెబుతుంది. పక్క గదిలో నేను సివిక్స్ చెబుతాను. మధ్యలో ఉన్నది రేకు గోడే కాబట్టి ఆమె పాఠాలన్నీ నాకు వినబడతాయి. ఏటా విక్టోరియా రాణి పాఠం వస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొగుడు పోయిన ఆ మహారాణి, చిన్న కూతురు బియాట్రిస్‌ను తన కొంగుకే కట్టేసుకుంది. కూతురు పెళ్లి మాట ఎత్తితే నెలల తరబడి మాట్లాడలేదు. అల్లుడు తన దగ్గరే ఉంటానన్నాకే ఒప్పుకుంది. వినీత ఇదంతా ఎవరి సంగతో అన్నట్టు చల్లగా చెబుతుంది.

వినీత తల్లి అమృతమ్మ కూడా అంతే. పెద్ద కూతుళ్లిద్దరినీ దూరాన ఇచ్చి, వేళకు బీపీ గోళీలివ్వడానికి చిన్నదాన్ని ఉంచుకుంది. పక్కనున్న నంగునూరు ఊరి చిరంజీవిని చేసుకుంటానని వినీత అన్న రోజు నుంచి, అమృతమ్మ గోడవైపు తిరిగి అన్నం తినేదట. చివరికి ఒక షరతు పెట్టింది. అల్లుడు ఇల్లుటం రావాలి, సిద్దిపేటలో తన ఇంట్లోనే ఉండాలి. చిరంజీవి సరేనన్నాడు. పిచ్చోడు, ప్రేమించాడు మరి.

ఆ పెళ్లికి నేనూ వెళ్లాను. అప్పగింతల వేళ పెళ్లి చేయిస్తున్న అయ్యగారు పాలగిన్నె తెమ్మన్నాడు. పాలలో ముంచిన పిల్ల చేతులను అత్త చేతుల్లో పెట్టాలి. చిరంజీవి తల్లి అప్పటికే చేతులు చాపింది.

"నా బిడ్డను ఎవ్వలకు అప్పజెప్తలేను. గా పాలగిన్నె ఎందుకు?" అంది అమృతమ్మ.

ఆ తల్లి చేతులు వెనక్కి తీసుకుని కొంగు కింద పెట్టుకుంది.

ఆ ఇంట్లో పోయిన మామకు కుర్చీ ఉంది, బతికున్న అల్లుడికి లేదు. తెలియక ఒకసారి కూర్చుంటే, "అది మీ మామ కుర్చీ" అని లేపింది. చిరంజీవి వరికోత మిషన్ నడిపేవాడు. ఇక్కడ కోతలైపోతే రాయచూరు వైపు పోయేవాడు. "గాడ మిషన్ కింద పండుకున్నా నన్ను ఎవ్వరు లేపరు మేడం" అన్నాడు నాతో ఒకసారి. వినీత కిరాయి ఇల్లు చూసిన ప్రతిసారీ అమృతమ్మకు గుండెదడ వచ్చేది. దవాఖానలో మాత్రం ఏమీ లేదనేవారు.

రాణి అల్లుడు కూడా ఆ కొలువులో ఉండలేక సైన్యంతో ఆఫ్రికా పోయి, జ్వరమొచ్చి, తిరిగొచ్చే ఓడలోనే పోయాడు. వినీత ఆ పాఠం ఎన్నేళ్లు చెప్పిందో. పోయిన చలికాలం చిరంజీవికి రాయచూరులో జ్వరమొచ్చింది. ఇంటికి తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

శవాన్ని అమృతమ్మ ఇంటి ముందు దించారు. నంగునూరు నుంచి అతని తల్లి వచ్చింది.

"బతికున్నన్ని దినాలు మీ ఇంట్లనే ఉన్నడు వదినె. గిప్పుడన్న మా ఊరి మట్టిల కలువనీ."

"ఇల్లుటమొచ్చినోడు ఈ ఇంటి కొడుకే. కార్యం గీడ్నే కావాలె" అంది అమృతమ్మ. చుట్టూ ఉన్న పెద్దమనుషులు నేల చూపులు చూశారు, సిగ్గులేని జన్మలు.

వినీత లేచింది. అత్త చేతులు రెండూ పట్టుకుని చిరంజీవి గుండెల మీద పెట్టింది.

"తీస్కపో అత్తమ్మా. నీ కొడుకును నీకు అప్పజెప్తున్న."

నాకు ఏడుపు ఆగలేదు. శవంతో పాటు వినీత కూడా నంగునూరు బండెక్కింది. అప్పుడు అమృతమ్మ బండి కిటికీ దగ్గరికి వచ్చి, "పొద్దుగూకేవరకు వస్తవు గద బిడ్డా? గోళీలు నువ్వే ఇయ్యాలె" అంది.

పదకొండో దినం అయ్యాక వినీత తిరిగొచ్చింది. నేను చూడబోయేసరికి తండ్రి కుర్చీలో కూర్చుని తల్లికి గోళీలు ఇస్తోంది. అమృతమ్మ ఆ కుర్చీ వైపు చూసింది గానీ లేవమనలేదు. లేవమంటే కూతురు నంగునూరు పోతుందేమోనని భయం. ఆ భయమేదో చిరంజీవి బతికున్నప్పుడు పట్టుకుంటే ఎంత బాగుండేది.