బీబమ్మ అడిగిన మాట

మొన్న పెళ్ళింట్లో మనుమరాలి చేతికి గాజులు ఎక్కకపోతే ఎవరో సబ్బునురగ రాశారు. ఆ తడి సబ్బు వాసన తగలగానే గాజుల బీబమ్మ వచ్చి నా ఎదుట గొంతుక్కూర్చున్నట్టయింది. పెనుకొండలో మా అత్తగారింటి పక్కిల్లు ఆమెది. గాజుల మలారం భుజాన వేసుకుని వీధులు తిరిగేది. నోరు పెద్దదే గానీ చేయి మెత్తన. తొడిగేటప్పుడు ఆమె చేతిలో గాజు పగలగా నేను చూడలేదు.

నేను ధర్మవరం నుంచి కొత్తకోడలిగా వచ్చిన ఏడాదే గజ్జల్లో ఒక గడ్డ లేచింది. ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. ఆ చోటు పేరెత్తి ఎవరికని చెప్పను? అత్తతో కడుపునొప్పి అన్నాను. ఆమె పాపం వాము కషాయం కాచి ఇస్తే వద్దనలేక తాగాను. పండగకు గాజులు తొడగడానికి వచ్చిన బీబమ్మ మాత్రం పట్టుకున్న మణికట్టు వదల్లేదు.

“ఒళ్ళు కాలిపోతాండాది గదే పాపా. యాడ నొప్పి?”

“కడుపులో.”

“కడుపునొప్పికి కాలు ఈడ్చుకుంటా నడుస్తారా? నాకు చెప్పు, యాడ?”

చెవిలో చెప్పాను. చెబుతూనే ఏడ్చేశాను.

మా అత్తకు ఏం చెప్పి ఒప్పించిందో గానీ, మరునాడే నన్ను రైలెక్కించి హిందూపురం ఆస్పత్రికి తీసుకుపోయింది. తీరా డాక్టరు ఎదుట కూర్చున్నాక నా నోట మళ్ళీ కడుపునొప్పే వచ్చింది. ఆయన మందు రాయబోయాడు.

“కడుపు గాదు సామీ, గజ్జల్లో గడ్డ. జ్వరం గూడా ఉండాది,” అంది బీబమ్మ, బయట కూర్చున్నవాళ్ళకు కూడా వినబడేలా. ఆమె మీద నాకు అంత కోపం ఎన్నడూ రాలేదు. డాక్టరు చూసి, చీము పట్టిందనీ, ఇంకా ఆలస్యం చేసుంటే ప్రాణం మీదికే వచ్చేదనీ అన్నాడు. కోసి చీము తీస్తున్నంతసేపూ ఆమె చేయి పట్టుకునే ఉన్నాను. నా బిగింపుకు ఆమె చేతి గాజులు పగిలాయి.

తిరుగు రైల్లో అడిగాను. “నీకు సిగ్గనిపించలేదా బీబమ్మా?”

ఆమె కిటికీ వైపు చూస్తూ చెప్పింది. “మా చెల్లెలికి రొమ్ములో గడ్డ లేసింది. సిగ్గుపడి చెప్పల్యా. చిక్కిపోతాంటే నేనూ అడగల్యా. గాజులు వదులైతాండాయని చిన్న సైజువి తొడుగుతా వచ్చినా.”

పెనుకొండలో దిగేముందు నా మణికట్టు పట్టుకుని మళ్ళీ ఒంటి వేడి చూసింది.

మొన్న మనుమరాలికి గాజులు నేనే తొడిగాను. ఆడపిల్ల చేయి దొరికితే ముందు ఒంటి వేడి చూస్తాను, తర్వాత పాత గాజులు వదులయ్యాయేమో చూస్తాను. చాదస్తమని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఏ కొంచెం అనుమానం వచ్చినా బాగున్నావా అని అడగను. యాడ నొప్పి అనే అడుగుతాను.