విదిలించే కొంగకు కోసిన మార్కులు

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, ఒక జనవరి నెలలో, మా సంస్థ స్పోర్ట్స్ కోటా నియామకాల ట్రయల్స్‌కు నన్ను న్యాయనిర్ణేతగా వేశారు. అప్పుడు నేను క్రీడా విభాగంలో సీనియర్ కోచ్‌ని. భవానీపూర్‌లో ఆఫీసు, హౌరాలో ఇల్లు. నా ఆట ఊషూ, అంటే చైనా యుద్ధవిద్యల పోటీ రూపం. ఆ ఏడాది అందులో సంప్రదాయ శైలుల విభాగంలో రెండు ఉద్యోగాలున్నాయి.

సంప్రదాయ శైలుల్లో చాలావాటికి జంతువులే ఆధారం. జంతువులా నటించడమే అనుకుంటారు చూసేవాళ్లు. అది కాదు. పులి శైలిలో వేళ్ల పట్టును సాధన చేస్తారు, పాములో శ్వాసను, కొంగలో ఒంటికాలి నిలకడను. కొంగలోనూ శాఖలున్నాయి. మా గురువు లియాంగ్ మాస్టారిది విదిలించే కొంగ. తడిసిన కొంగ రెక్కలు దులుపుకున్నట్టు, ఒంటికాలి మీద నిలిచి, నడుము నుంచి వేళ్ల కొసల దాకా ఒళ్లంతా ఒక్కసారిగా విదిలించాలి. దెబ్బలోని బలమంతా అక్కడి నుంచే వస్తుంది. మాస్టారికి చైనావాళ్ల పేట టాంగ్రాలో సాసులు తయారుచేసే చిన్న కార్ఖానా ఉండేది. యవ్వనంలో ఆ పెరట్లోనే నేను నేర్చుకున్నాను. ఆ విదిలింపు పట్టుబడడానికే నాకు రెండేళ్లు పట్టింది.

ఆ రోజు ఆయన శిష్యురాలు ఎస్తేరు బరిలో ఉంది. షాలిమార్ గూడ్స్ యార్డులో సరుకు దించే కూలీ కూతురు. వాళ్లూ మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో ఆమె తర్వాత ముగ్గురు. ఈ ఉద్యోగం వస్తే తండ్రి మూటలు మోయడం మానేయవచ్చు. ఆ సంగతి నాకు ముందే తెలుసు.

పోటీకి ముందు న్యాయనిర్ణేతల సమావేశం జరుగుతుంది. మాది అయిదుగురి ప్యానెల్. మిగతా నలుగురూ ఆధునిక శైలుల నుంచి వచ్చినవాళ్లు. ప్రధాన న్యాయనిర్ణేత మిత్రాదా (బెంగాలీలో దా అంటే అన్న) నిబంధనలు చదివారు. నిలకడలో ఒళ్లు ఊగితే ఇంత కోత, చేయి నేలకు ఆనితే ఇంత, పడిపోతే ఇంత అని. తర్వాత అలవాటు ప్రకారం, ఏ శైలికైనా ప్రత్యేక లక్షణాలుంటే ఇప్పుడే చెప్పండి అన్నారు. నేను నోరు తెరిచేలోపు పక్కనున్న సేన్ బాబు నవ్వుతూ, "ఏం రావుదా, ఈసారి మీ గురువుగారి కొంగలు ఎన్ని దిగుతున్నాయి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా విదిలింపును ఊగడంగా లెక్కించకూడదని చెప్పవలసింది, చెప్పలేదు.

దానికో కారణం ఉంది. అంతకు ముందు ఏడాది ఒక న్యాయనిర్ణేత తన శిష్యుడికి మార్కులు పెంచాడని ఫిర్యాదు వస్తే, ఆయన్ను ప్యానెల్ నుంచి తీసేశారు. రిటైరయ్యే ముందు నా మీద అలాంటి మచ్చ వద్దనుకున్నాను.

ఎస్తేరు చాలా బాగా చేసింది. మూడుసార్లు ఒంటికాలి మీద నిలిచి మూడుసార్లు విదిలించింది. ఆమె వయసులో ఉన్నప్పుడు నేను చేసినదాని కంటే శుభ్రంగా. మిగతావాళ్లు ఒకటో రెండో ఊగుళ్లు రాసుకున్నారు. నేను మూడూ రాశాను.

అయిదు మార్కుల్లో అన్నిటికంటే ఎక్కువదాన్నీ తక్కువదాన్నీ తీసేసి, మధ్య మూడింటి సగటు కడతారు. నాదే తక్కువ కాబట్టి నా మార్కు తీసేశారు. ఆమె మూడో స్థానంలో ఆగింది, ఉన్న ఉద్యోగాలు రెండే. నా మార్కు లెక్కలోకే రాలేదు కదా అని చాలా నెలలు సర్దిచెప్పుకున్నాను. కానీ నేను న్యాయంగా వేసి ఉంటే, తీసేసే తక్కువ మార్కు ఇంకొకరిది అయ్యేది. సగటు పెరిగి ఆమె రెండో స్థానానికి వెళ్లేది.

ఫలితం మీద శిక్షకుడు అప్పీలు చేయవచ్చు. మాస్టారు లేచి నేరుగా అధికారుల బల్ల దగ్గరికి వెళ్లకుండా నా దగ్గరికి వచ్చారు. తన హిందీ కలిసిన బెంగాలీలో, అప్పీలు వేస్తే నీకేమైనా ఇబ్బందా అని అడిగారు. నేను కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాను. ఆయన సరే అని తలూపి వెనక్కి వెళ్లిపోయారు. అప్పీలు వేయలేదు.

మెట్ల దగ్గర ఎస్తేరు ఎదురైంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవడం లేదు.

"మీకు తెల్దేటి అంకుల్, అది ఊగడం కాదని? మాస్టారు మీకూ నేర్పేరంట గదా."

"రూలు అలాగే ఉందమ్మా," అన్నాను.

"రూలు రాసినోళ్లు కొంగని సూసేరేటి?" అని సంచి భుజానికి తగిలించుకుంది. "సర్లెండి. నాన్న కింద ఉన్నారు. ఆయనకి మీరే సెప్పండి, రూలు."

నేను వెనక మెట్ల మీదుగా దిగి వెళ్లిపోయాను.

మరుసటి ఏడాది రాష్ట్ర పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చుని ఆమెను మళ్లీ చూశాను. కొంగ చేసింది. ఒంటికాలి మీద స్తంభంలా కదలకుండా నిలబడింది. విదిలింపు లేదు. మాస్టారే తీసేయించారట. అయిదుగురమూ మంచి మార్కులు వేశాం. నావే అందరికంటే ఎక్కువ. బంగారు పతకం వచ్చింది. కానీ ఆ ఏడాది నియామకాల ప్రకటనలో మా ఆట లేదు. ఆ తర్వాత ఆమెకు వయసు దాటింది. ఇప్పుడు ఒక మాల్ గేటు దగ్గర వచ్చేవాళ్ల సంచులు తనిఖీ చేస్తుంది. తండ్రి ఇంకా యార్డుకే వెళ్తున్నాడు.

మాస్టారు పోయి కొంతకాలమైంది. ఆ విదిలింపు తెలిసినవాళ్లం నాకు తెలిసి ఇద్దరమే మిగిలాం. ఆమె ఇక చేయనంటుంది. నా మోకాలు చేయనివ్వదు.

ఈ వృత్తిలోకి వచ్చే కుర్రవాళ్లు నిష్పక్షపాతం గురించి అడుగుతుంటారు. ఒక శైలి తెలిసినవాణ్ని ప్యానెల్‌లో వేసేది ఆ తెలిసింది చెప్పడానికే. చెబితే పక్షపాతం అంటారని నేను నోరు మూసుకున్నాను. అదీ పక్షపాతమే. నా పక్షాన నేను చూపించుకున్నది.