ముల్లు ఎత్తేసిన చోటు

తిరుపతి బస్టాండు వెనక సందులో షానవాజ్ అంగడి ఉంది. బోర్డు మీద ఇప్పటికీ ‘మైక్ సెట్టు, సీరియల్ లైట్లు’ అని రాసుంటుంది గానీ లోపల అవేవీ లేవు. మిక్సీలు బాగు చేస్తాడు, కూలర్లకు మోటార్లు మారుస్తాడు. వెనక గదిలోకి మాత్రం ఎవరినీ రానివ్వడు. అక్కడ వాళ్ళ నాయన అల్లాబక్ష్ నాటి గ్రామఫోను, గోడ పొడవునా నిలబెట్టిన పాత పాటల ప్లేట్లు, ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటరు ఉన్నాయి. ప్లేటును కడిగి, తిప్పి, పాటను కంప్యూటర్లోకి ఎక్కించి, అందులో గరగర తీసెయ్యడం ఆయనకున్న వ్యసనం. బీడీ అలవాటు లేదు, పేకాట రాదు. ఇంతకంటే అవే నయమని భార్య బషీరా అంటుంది. పేకాటకైతే నలుగురు తోడుంటారని ఆమె వాదన.

ఆమె మాటలో నిజం లేకపోలేదు. అంత కష్టపడి బాగుచేసిన పాటలు వినే నాథుడు లేడు. ఫోన్లో పెడితే ఎవరో ఒక పెద్దాయన దండం బొమ్మ పంపుతాడు, అంతటితో సరి. అయినా షానవాజ్ మానలేదు. చిన్నప్పుడు నాయన వెంట ఒక పెళ్ళికి వెళ్ళి, గొట్టం మైకు కింద కూర్చుని విన్న గొంతు ఆయన్ని మాననివ్వలేదు.

ఆ గొంతు పుత్తూరు కనకాంబరానిదని నాయన చెప్పాడు. నాటకాల్లో పాడేదట. మద్రాసు వెళ్ళి ఒకే ఒక్క ప్లేటు ఇచ్చి, కూతురు పాలు మరవకముందే జ్వరమొచ్చి పోయింది. నాయన దగ్గరున్న ఆ ప్లేటు ఇంకో పెళ్ళిలో ఎవరి కాలి కిందో పడి ముక్కలైంది. అల్లాబక్ష్ ఆ పూట అన్నం తినలేదు. కొడుకు పెరిగి పెద్దవాడయ్యాక ఇంకో కాపీ కోసం తిరగని ఊరు లేదు. పాత ఇనుప సామాన్ల వాళ్ళకు ఆయన మొహం బాగా తెలుసు. ప్లేటాయన వచ్చినాడని నవ్వుకునేవాళ్ళు.

ప్లేటు దొరకలేదు గానీ, ఆ తిరుగుళ్ళలో కనకాంబరం కూతురు దొరికింది. పేరు చంద్రకాంతమ్మ. వడమాలపేటలో ఉంటుంది, బళ్ళో ఆయాగా చేసి మానేసింది, ఎనభై దాటేసింది. తల్లి ఫోటో కూడా లేదు ఆమె దగ్గర. ఉన్నదల్లా పెంచిన అవ్వ చెప్పిన ఒక్క మాట.

“పాటయినాక చివర్లో మా అమ్మ తన పేరు చెప్పుకుంటాదంట నాయనా. ఆ కాలంలో కొందరు అట్ల చెప్పేవాళ్ళంట. పాటదేముంది, ఎవురైనా పాడతారు. మా అమ్మ మాట్లాడింది నేను విన్లేదు. ఆ మాట ఒక్కటి వినిపించు, చాలు.”

షానవాజ్ తలొంచుకున్నాడు. ప్లేటు అన్నిసార్లు తిప్పిన ఆయన నాయన కూడా ఆ మాట వినలేదు. మైక్ సెట్టు వాళ్ళ పద్ధతే అంత. పాట చివరి గమకం ముగుస్తుండగానే ప్లేటు మీంచి ముల్లు ఎత్తెయ్యాలి. ఎత్తకపోతే ప్లేటు చివరి గీతల గరగర నాలుగు ఊళ్ళకు వినపడి, పెళ్ళివాళ్ళు తిడతారు. ఎత్తడం కాస్త ఆలస్యమైతే కొడుకు వేళ్ళ మీద అల్లాబక్ష్ ఒకటిచ్చేవాడు. ఆ దెబ్బలతోనే షానవాజ్ చెయ్యి కుదిరింది.

మొన్న దసరా వెళ్ళాక నాయుడుపేట నుంచి కబురొచ్చింది. అక్కడ కుప్పుస్వామి అని పాతకాలపు మైక్ సెట్టు ఆయన ఉండేవాడు. ఆయన పోయాక కొడుకు ధనశేఖర్ హైవే పక్క ఫ్యాక్టరీలో వ్యాను నడుపుతున్నాడు. షానవాజ్ వెళ్ళేసరికి ప్లేటును దేవుడి గదిలోంచి పసుపు గుడ్డలో చుట్టి తెచ్చాడు.

“కనకాంబరం ప్లేటు భాయ్. మా నాయనకు ప్రాణం. ఆయన పోయినాక ఎవురం తిప్పలే. ఆయుధ పూజకు మాత్రం ఒక్క ఏడు గూడా తప్పలే.”

షానవాజ్ గుడ్డ విప్పి చూశాడు. ప్లేటుకు నాలుగు దిక్కులా గంధం, కుంకుమ. మధ్యలో పేరు రాసిన కాగితం కనపడనంత పెద్ద బొట్టు. పోయినేటి బొట్టు మీద ఈ ఏటి బొట్టు, దాని మీద ఇంకోటి, ఎండి రాయిలా బిగుసుకున్నాయి. స్క్రూడ్రైవరుకూ, వ్యాను స్టీరింగుకూ పెట్టినట్టే దీనికీ భక్తిగా పెట్టారు. పాట ఆ సన్నటి గీతల్లోనే ఉంటుందని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఎవరిమీద కోప్పడాలి? పారేసినవాళ్ళను తిట్టొచ్చు, ఇంత ప్రేమగా పాడుచేసినవాళ్ళను ఏమనగలం? ధనశేఖర్ కాఫీ ఇచ్చాడు, తాగి వచ్చేశాడు.

లక్కతో చేసిన ప్లేటది. స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది. చుక్క చుక్కగా నీళ్ళు వేసి, పాత షేవింగ్ బ్రష్షుతో, గంధం మెత్తబడేదాకా కాచుకుని తుడవాలి. కొన్ని వారాలు అదే పని. మిక్సీల వాళ్ళు వచ్చి తిట్టి పోయారు. మధ్య కాగితం మీద ముందు ‘పుత్తూరు’ కనిపించింది, తర్వాత ‘కనకాంబరం’. ఆ పేరు చూసి ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

ముల్లు పెడితే ఒక్కో చుట్టుకూ నాలుగు దెబ్బలు. బొట్టు పెట్టిన చోటల్లా దబ్ మంటోంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య, సన్నగా, ఆ గొంతు. మైకు కింద విన్న గొంతే. అనుమానం లేదు. షానవాజ్ ఆగలేక చంద్రకాంతమ్మకు ఫోన్ చేసేశాడు. దొరికిందమ్మా, ఆదివారం తెస్తానన్నాడు.

తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో దెబ్బనూ తీశాడు. చివరి గీతలను మాత్రం తాకలేదు. పాయసంలో జీడిపప్పును పిల్లలు చివరికి దాచుకున్నట్టు దాచుకున్నాడు. శనివారం సాయంత్రం వాటిమీది గంధం కూడా వదిలించాడు. బషీరాను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ముల్లు పెట్టాడు. పాట ముగిసింది. ఈసారి ఎత్తలేదు. కాసేపు గరగర. ఆ తర్వాత ఒక ఆడగొంతు, కాస్త సిగ్గుపడుతూ, ఎంతో స్పష్టంగా అంది.

“నా పేరు గూడూరు తాయారు.”

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తాయారే. పాడిన గొంతూ ఆ పేరు చెప్పిన గొంతూ ఒకటే. మద్రాసులో ప్లేట్లు చేసినవాళ్ళు తాయారు ప్లేట్లన్నిటికీ కనకాంబరం కాగితాలు అంటించేశారు. ఆ పొరపాటు ఇన్నేళ్ళూ ఎవరికీ దొరకలేదు, మైక్ సెట్టు వాళ్ళందరూ పద్ధతిగా ముల్లు ఎత్తేశారు గనక. అంటే జీవితమంతా తాను వెతికిన గొంతు కనకాంబరానిది కాదు. కనకాంబరం గొంతు ఎలా ఉండేదో ఆయనకు తెలీదు, నాయనకూ తెలీదు. ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. ఆ తాయారు ఎవరో కూడా షానవాజ్ ఎప్పుడూ వినలేదు.

బషీరా అంది. “నిజం చెప్పేయ్. లేదంటే ఆ తాయారు ఉసురు తగుల్తాది మనకు.”

చెప్పాలనే బయల్దేరాడు. బస్సులో మాటలు కూడా కూర్చుకున్నాడు. కానీ చంద్రకాంతమ్మ తలంటు పోసుకుని, పెట్టె అడుగున దాచుకున్న పట్టుచీర కట్టుకుని, గడపలోనే కూర్చునుంది. వెళ్ళగానే చిన్న స్పీకరును ఆయన చేతిలోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కూర్చుకున్న మాటలన్నీ ఎటుపోయాయో పోయాయి. ఫోన్లో పాట పెట్టాడు.

ఆమె కళ్ళు మూసుకుని వింది. “సూడు నాయనా, ఆ పైకి పొయ్యేకాడ... చిన్నప్పుడు నా గొంతు గూడా ఇట్లే పొయ్యేది. బళ్ళో ప్రార్థన పాడేదాన్ని. యాడ నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.”

పాట చివరి గమకానికి వచ్చింది. షానవాజ్ బొటనవేలు ఫోను మీదే ఉంది. ఇప్పుడు వదిలేస్తే నిజం దానంతటదే బయటపడుతుంది, తాను నోరు విప్పక్కర్లేదు. గమకం ముగుస్తుండగానే వేలు పాటను ఆపేసింది. చిన్నప్పుడు నాయన నేర్పినట్టే, ఒక్క క్షణం కూడా తేడా లేకుండా.

ఆమె ఇంకా కళ్ళు తెరవలేదు. “పేరు?”

“ఆడ బొట్టు పెట్టినారమ్మా. గంధంతో పాటు ఆ ముక్క పొయ్యింది.”

ఆమె ఒళ్ళోని స్పీకరును చీరకొంగుతో ఊరికే తుడిచింది. తర్వాత, “పోనీలే, పాటన్నా ఉండాది” అంది. ఆ గొంతులో ఓదార్పు ఆమెకా, తనకా అన్నది షానవాజ్‌కు అర్థం కాలేదు. లేచి పోదామనుకున్నాడు.

“నాయనా, ఒక పని చెయ్యి. మా అమ్మ చెప్పుకున్నింది పాయె గదా, నువ్వన్నా చెప్పు. పాట చివర్లో నీ గొంతుతో ఎక్కించు. నేను పొయ్యినాక ఎవురైనా విన్నారంటే, పాడిందెవురో తెలియాల గదా.”

ఆయన ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. పాత ప్లేట్ల మీద చెరిగిపోయిన పేర్లను భూతద్దం పెట్టి కూడబలుక్కున్న మనిషి. మెల్లగా, “పుత్తూరు కనకాంబరం” అన్నాడు.

“సరిగ్గా విన్రాలే. ఇంకోసారి గట్టిగా చెప్పు నాయనా.”

గట్టిగా చెప్పాడు.