మామ్మకు తీసిన పిడికెడు

మట్టి కింద మొలకెత్తేదాన్ని కూడా చూసే తండ్రికి స్తోత్రం. వానల్ని ఆపి మంచును దింపేవాడికి, కొండ మీద సీతాఫలాన్ని పండించి, దాన్ని సంతదాకా మోసుకొచ్చే సవర ఆడవాళ్ళ మెడలకు బలమిచ్చేవాడికి స్తోత్రం. నేను నోరు తెరవకముందే నా మనసులో ఏముందో చదివి, అయినా నన్ను ఇన్నేళ్ళు తన బల్ల దగ్గర కూర్చోనిచ్చినవాడికి మరీ మరీ స్తోత్రం. ఆ తండ్రిని తలుచుకోకుండా ఈ సంగతి మొదలుపెట్టడానికి నాకు చెయ్యి ఆడదు.

అరవైల చివర, పెళ్ళైన ఏడాదే, మేం పాతపట్నంలో కాపురం పెట్టాం. నా భర్త అక్కడి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. నాకు మేనత్త కొడుకు, కాబట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ బావ. మాది గజపతినగరం దగ్గర పల్లె. రెండు కుటుంబాలూ మిషను దొరల కాలం నుంచి బాప్తిస్టు సంఘంలో ఉన్నవే. మేనత్త బావ చిన్నతనంలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. అందుకని పెళ్ళిలో అందరూ నన్ను అదృష్టవంతురాలినన్నారు. అత్తలేని కోడలు ఉత్తమురాలని మా పెద్దమ్మ బుగ్గ గిల్లింది. ఉత్తమురాలిగా ఉండడానికి సిద్ధపడే నేను నౌపడలో చిన్న రైలెక్కాను.

ఆ రైలు మెల్లగా పోయేది. వరి ఈనుతున్న రోజులు. కిటికీలోంచి చెయ్యి చాపితే కంకి అందేలా ఉంది. కొత్త ఊరు, కొత్త ఇల్లు, కొత్త సంఘం, అన్నీ మా ఇద్దరికీ ఒకేసారి మొదలవుతాయని నేను లోపల లోపల పండగ చేసుకుంటున్నాను. అయితే ఊరు నాకు మాత్రమే కొత్త. బావ అప్పటికే అక్కడ ఏడాది ఒంటరిగా ఉద్యోగం చేశాడు. ఆ సంగతి నాకు తెలియదని కాదు. తెలియడం వేరు, దాంతో కాపురం చెయ్యడం వేరు.

దసరా వెళ్ళాక సాయంత్రాలు ఎంత బాగుండేవో. వానకి కడిగిన కొండలు దగ్గరికి జరిగినట్టు కనిపించేవి. బావ ఆసుపత్రి నుంచి రాగానే ఇద్దరం మహేంద్రతనయ ఒడ్డుకి నడిచేవాళ్ళం. నీళ్ళు తేటపడి ఇసుక బయటపడుతుండేది. నేను ఒక రాయి చూసి, ఇక్కడ కూర్చుందాం అంటే, బావ నవ్వేవాడు. కిందటేడు తనూ ఇంకొకరూ కూర్చున్నదీ ఆ రాయి మీదేనట. సంతలో సీతాఫలం కొంటే, ఏ కొండ పండు తియ్యగా ఉంటుందో కిందటేడే ఒకరు బావకి నేర్పారట. ఒడియా వాళ్ళ కొట్లో మరమరాల్ని ముడీ అనాలని కూడా ఎవరో చెప్పేశారు. నేను ఏది వేలెత్తి చూపించినా, దాని మీద అప్పటికే ఒకరి చెయ్యి పడి ఉండేది.

ఆ ఒకరు మామ్మ. ఊరంతా ఆమెని అలాగే పిలిచేది. తెల్లచీర, పిడికెడు మనిషి, నోట్లో ఒక్క పన్ను లేదు. ముప్ఫై ఏళ్ళనాడే భర్త పోతే, సంఘం ఆమెని ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పే పనిలో పెట్టింది. బావ వచ్చిన కొత్తలో జ్వరంతో పడుంటే ఆమే చూసి, ఆ ఏడాదంతా తిండి పెట్టింది. ఆమెకి పిల్లలు లేరు. బావని బాబూ అనేది.

నన్ను మొదటిసారి చూసిన రోజు తల నుంచి కాళ్ళదాకా చూసి, "ఏటే పిల్లా, బాబుకి చోడి అంబలి కాయడం వచ్చా?" అంది. వచ్చన్నాను. "పలచగా కాయకు. వాడికి గరిటె నిలబడాల," అంది. నా చిన్నప్పటి బావ సంగతి నాకు చెప్పడానికి ఈవిడెవరు అనుకున్నాను. ఆ రోజు నుంచి రాగి అంబలి గరిటె నిలబడేలా కాశాను. బావ తాగేవాడు, బాగుందనేవాడు. తాగి సైకిలెక్కి, వీధి చివర మామ్మ అరుగు దగ్గర దిగి, అక్కడ మళ్ళీ తాగేవాడు. గుమ్మంలో నిలబడితే నాకు ఇద్దరూ కనిపించేవారు. ఆమె ఏదో అనేది, బావ తల వెనక్కి వాల్చి నవ్వేవాడు. మా ఇంట్లో బావ అలా నవ్వడం నేనింకా చూడలేదు.

అందమైన అమ్మాయి అయితే ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. డెబ్భై ఏళ్ళ భక్తురాలి మీద కడుపు మండుతోందని ఎవరితో చెప్పను? మత్సరం ఎముకల్ని కుళ్ళబెడుతుందని పిల్లల బడిలో కంఠతా పట్టినదాన్ని. ప్రార్థన చేసేదాన్ని కూడా. ప్రార్థన చేసి లేచి, గుమ్మంలోకి వెళ్ళి చూసేదాన్ని.

అప్పుడే నాకు ఒక పట్టుదల పుట్టింది. ఈ ఊళ్ళో ఒక్కటంటే ఒక్కటి, బావ ముందు నాతోనే చెయ్యాలి. తాటిపండ్ల కాలం అది. టెంకల్ని మట్టిలో పాతితే, మంచు కాలానికి గేగులు, అదే తేగలు, తవ్వుకోవచ్చు. కిందటేడు మామ్మ పెరట్లో పాతారట, ఈ ఏడూ అక్కడే పాతుదామన్నాడు బావ. నేను వద్దన్నాను. మన పెరట్లోనే మడి కడదాం, తవ్వే రోజు మనిద్దరమే ఉండాలి, ఇంకెవరూ వద్దు అన్నాను. ఎందుకని అడగకుండానే ఒప్పుకున్నాడు. సైకిలు మీద గోనెసంచితో టెంకలు తెచ్చి పడేసి, ఏదో పల్లెలో గాలికుంటు వచ్చిందంటే వెళ్ళిపోయాడు. నేనే గుల్ల మట్టి పోసి, టెంకలు పక్కపక్కన పేర్చి, కప్పి, నీళ్ళు చిలకరించాను. ఆ మడి మీద నా ఆశంతా ఉంది.

ఇక పిడికెడు సంగతి చెప్పాలి. మా సంఘాల్లో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి ముంతలో వేస్తారు. అది దేవుని పాలు. ఆదివారం ఆ ముంతని గుడికి పట్టుకెళ్ళి, అందరూ పాట పాడుతుండగా ముందున్న గంపలో పోస్తారు. మా పల్లెలో ఆ బియ్యం అమ్మి గుడికి కిరసనాయిలు కొనేవారు. పాతపట్నంలో అది మామ్మ తిండికి వెళ్ళేది. గంప ఎత్తేదీ ఆమే.

అది తెలిసిన పూట నుంచి నా చెయ్యి మారింది. బియ్యంలో చెయ్యి పెట్టేటప్పుడు దేవుడు గుర్తొచ్చేవాడు, తీసేటప్పుడు మామ్మ గుర్తొచ్చేది. వేళ్ళు వాటంతటవే ముడుచుకునేవి. పిడికెడు సగమైంది, సగం చిటికెడైంది. మానేద్దామంటే భయం, దేవుని పాలు కదా. ఇద్దామంటే మంట. ఆదివారం నా ముంత గంపలో వంపితే చప్పుడు కూడా వచ్చేది కాదు.

దీపావళి వెళ్ళిన వారం పాస్టరు గారింట్లో సాయంత్రం కూడిక జరిగింది. లాంతరు చుట్టూ చాపల మీద అందరం కళ్ళు మూసుకున్నాం. ఒక్కొక్కరూ ప్రార్థన చేస్తూ రాగా మామ్మ వంతు వచ్చింది. రోగుల్ని, పంటల్ని, మిషను ఆసుపత్రిని అన్నిటినీ తలుచుకుంది. తర్వాత గొంతు తగ్గించింది.

"తండ్రీ, నీకు తెలవంది ఏటున్నాది? మా బాబు ఇంట్లో బియ్యం అడుగంటిపోనాయి. ఆ పిల్ల సెప్పుకోలేదు, సిగ్గు దానికి. వారం వారం దాని పిడికిలి సిన్నదైపోతన్నాది, నాను సూస్తన్నాను. తన కడుపు మాడ్సుకొని కూడా నీ పాలు మానలేదు, ఆ బుద్ది సూడు. ఆ కుర్రకాపురాన్ని పస్తు పడుకోబెట్టకు తండ్రీ."

అందరూ ఆమేన్ అన్నారు. ఆ ఆమేన్ అంత గట్టిగా రావడం నేను ఆ సంఘంలో ఎన్నడూ వినలేదు. కళ్ళు తెరిస్తే అందరూ మమ్మల్నే చూస్తున్నారు. బావ మాత్రం లాంతరును చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. ఒకామె చేటతో బియ్యం, ఒకామె గుమ్మడికాయ, పాస్టరమ్మ ఒక కోడిపెట్ట. కాదనాలంటే కారణం చెప్పాలి. ఏం కారణం చెప్పను? అన్నీ పుచ్చుకున్నాను. కోడిపెట్ట వంటింట్లోకి వెళ్ళి కూర్చుంది. వాళ్ళు వెళ్ళాక బావ బియ్యం డ్రమ్ము మూత తీశాడు. మోచెయ్యిదాకా చెయ్యి దింపినా అడుగు తగల్లేదు.

"నిండుగా ఉన్నాది గదే. మరి నీ పిడికిలికేటొచ్చింది?"

నేను కోడిపెట్టనే చూస్తూ చెప్పేశాను. "పూటపూటా ఆ పిడికెడు తీస్తంటే, నిన్ను తీసి ఆవిడకిచ్చినట్టుంటాది బావా."

బావ డ్రమ్ము మూత పెట్టేశాడు. "ఆవిడకి పళ్ళు కూడా లేవే," అన్నాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. సైకిలు తీసి వెళ్ళిపోయాడు. ఆ రోజు వీధి చివరికి కాకుండా రైలు పట్టాల వైపు తిప్పాడు. మర్నాడూ అంతే. నేను కోరుకున్నది అదే. గుమ్మంలో నిలబడి చూస్తే, మామ్మ అరుగు మీద గిన్నె మూతపెట్టి, దారి వైపు చూస్తూ కూర్చునేది. నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా, కొంచెం. కానీ ఇంట్లో బావ నా అంబలి తాగి, గిన్నె కింద పెట్టి, బాగుందని కూడా అనేవాడు కాదు.

ఆ ఆదివారం నా ముంత నిండుగా ఉంది. సంఘం తెచ్చిన బియ్యమే అందులో పోశాను. గంపలో చప్పుడు విని మామ్మ మొహం వెలిగిపోయింది. ఆరాధన అయ్యేలోగా సాక్ష్యం చెప్పడానికి లేచింది. అడిగిన వారంలోనే దేవుడు ఆ ఇంటి ముంత నింపాడని, కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పింది. బాబు తన గుమ్మానికి రాకపోవడం గురించి ఒక్క ముక్క అనలేదు. నేను పాటల పుస్తకం తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

మంచు బాగా దిగిన ఒక పొద్దున, బావ గునపం పట్టుకొచ్చి, "మనిద్దరమే అన్నావు గదా, రా," అన్నాడు. పెరట్లో గుమ్మడి ఆకుల మీద నీళ్ళు జారుతున్నాయి. బావ గునపం నిలువుగా మడి మధ్యలోకి పొడవబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. అలా పొడిస్తే గేగులన్నీ విరిగిపోతాయి, పక్క నుంచి మట్టి లాగాలి. అడిగితే తెలిసింది, బావ జన్మలో గేగులు తవ్వలేదు. కిందటేడు మామ్మే పాతింది, మామ్మే తవ్వింది, ఉడకబెట్టి, నార తీసి చేతిలో పెట్టింది. ఈయన తిన్నాడు. సీతాఫలమూ అంతే, ముడీ అంతే. ఆ ఏడాదంతా బావ ఎవరింట్లోనో పిల్లాడిలా కూర్చుని తిన్నాడు.

ఆ మాట వినడం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఎలా లాగాలో చూపించాను. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే తీశాం. టెంక పగలగొట్టి లోపలి తెల్లటి మెత్తని బుర్రగుంజు సగం సగం తిన్నాం. బావ తల వెనక్కి వాల్చి నవ్వాడు, ఎందుకో ఇప్పుడు గుర్తు లేదు. ఆ నవ్వు మా పెరట్లో, మా మడి దగ్గర, నా ఎదురుగా నవ్వాడు.

ఉడికిన గేగులు తింటూ బావ ఆగాడు. "కిందటేడు ఆవిడ ఒక్కటీ తినలేదు. నాను తింటంటే సూస్తా కూసుంది," అన్నాడు. చేతిలోది సగంలోనే పక్కన పెట్టాడు.

పళ్ళులేని నోటికి గేగు పెట్టాలంటే దంచాలి. నేను దంచకపోతే బావ దంచుతాడు. ఆ పని బావ చేత చేయించడం నాకు ఇష్టం లేదు. అందుకే నారంతా తీసి రోట్లో మెత్తగా దంచి, బెల్లం కలిపి ఉండలు చేసి, నేనే పట్టుకెళ్ళాను. మామ్మ ఉండని చేతిలోకి తీసుకుని, నోట్లో పెట్టుకోకుండా నా మొహంలోకి చూసింది.

"బాబు తిన్నాడేటి?"

నేను తిన్నానా అని అడగలేదు చూశారా. చురుక్కుమంది. "తిన్నాడు. నానే పెట్టినాను," అన్నాను.

"అయితే సరే," అని ఉండ నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని చప్పరించింది. మర్నాటి నుంచి బావ మళ్ళీ వీధి చివర దిగడం మొదలుపెట్టాడు. నేను మళ్ళీ గుమ్మంలో నిలబడడం మొదలుపెట్టాను. పిడికెడు మాత్రం పిడికెడే తీశాను, ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ.

మామ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళి చాలా కాలమైంది. బావ ఈమధ్యనే వెళ్ళాడు. సమాధి దగ్గర పాస్టరు గారు, ఆయన ఇప్పుడు మనకంటే మంచి చోట ఉన్నారని చెబితే అందరూ ఓదార్పు పొందారు. నాకు మొదట తట్టింది వేరు. మామ్మ అక్కడికి కూడా నాకంటే ముందే చేరింది. బావకి అంబలి కాచి పెట్టే ఉంటుంది. నేను వెళ్ళేసరికి బావ అన్నీ చూసేసి ఉంటాడు. నేను ఏది వేలెత్తి చూపించినా, అది మామ్మ తనకి ముందే చూపించిందంటాడు.

ఇక్కడిదాకా వచ్చిన మీరు, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నాతో కలిసి అడగండి. తండ్రీ, ఆ ముసలమ్మకి నీ దగ్గరగా చోటివ్వు, ఆమె పళ్ళు ఆమెకి తిరిగివ్వు. ముడుచుకునే నా వేళ్ళని నువ్వే తెరిచి పట్టుకో. నీ ఇంట్లో ఒక్క చిన్న మూలని మాత్రం బావకి ఇంకా చూపించకు. నేను వచ్చాక ఇద్దరం కలిసి చూస్తాం. మీరూ ఆమేన్ అనండి, ఆనాటి కూడికలో అన్నంత గట్టిగా.