చక్కెర బంద్

ఆ ఏడు దసరా సకల జనుల సమ్మె మధ్యలో వచ్చింది. బస్సులు డిపోల్లో నిలిచిపోయాయి. బడులకు తాళాలు పడ్డాయి. హైస్కూల్లో సైన్సు చెప్పే మా బాపు పని లేక ఇంట్లోనే ఉండి, అమ్మ వండే ప్రతి కూరలో వేలు పెడుతున్నాడు.

పండుగకు సిరిసిల్ల నుంచి మామ వస్తున్నట్టు కబురొచ్చింది. మామ అంటే అమ్మకు ఒక్కగానొక్క అన్న, షుగర్ మనిషి. కుడికాలి చిటికెన వేలు అప్పటికే తీసేశారు. దాని పక్క వేలికి పుండు లేచింది. మేమే జగిత్యాల దవాఖానకు తీసుకుపోతే, షుగర్ దిగకపోతే ఈ వేలు కూడా పోతుందని డాక్టరు ముఖం మీదే చెప్పాడు.

ఆ వేలిని కాపాడే బాధ్యత అమ్మ తన నెత్తిన వేసుకుంది. "ఈ పండుగకు మా ఇంట్ల చక్కెర బంద్," అని ప్రకటించి, డబ్బాలో ఉన్నదంతా పక్కింటి ఖాలాకు ఇచ్చి వచ్చింది. నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు.

"మరి మామకు ఏం చేద్దామే?" అన్నాను.

"భక్షాలు. పరమాన్నం."

"వాటిల్ల బెల్లం పడ్తది గదనే."

"అవు. చక్కెర ముట్టనే ముట్ట."

"చెరుకే గదమ్మా రెండూ."

"బెల్లం షుగరెట్లయితది బిడ్డా? రోగం పేరే షుగరాయె. బెల్లం రోగమని ఎవలన్న అనంగ విన్నవా?"

ఆ రోగానికి పేరు పెట్టినవాడు ముందుగా మా అమ్మను ఒక మాట అడగాల్సింది. దిక్కులేక బాపు వైపు చూశాను. ఎంతైనా సైన్సు సారు కదా.

"బెల్లంల ఐరన్ ఉంటది," అన్నాడు బాపు. "పండుగనాడు గింత తింటే ఏంగాదు."

ఇన్నేళ్లు ఈయన దగ్గర చదువుకున్న పిల్లల మీద నాకు జాలేసింది. జొన్న రొట్టె, నూనె తగ్గించి మటన్, మెంతికూర పప్పు చేద్దామన్నాను. అమ్మకు కోపం వచ్చింది. "ఏడాదికోపారి అచ్చే అన్నకు దసరనాడు జొన్న రొట్టె పెట్టాల్నా? మా వదినె ఏమనుకుంటది? మనకు కరువచ్చిందనుకోదా?" అని, బెల్లం తెమ్మని నన్నే కోరుట్ల బజారుకు తరిమింది.

ఆ రోజు ఊళ్లో బంద్. బంద్ అంటే కిరాణా దుకాణం షట్టర్ సగం దించి ఉంటుంది. వంగి లోపలికి దూరితే సేటు చీకట్లో కూర్చుని అన్నీ తూచి ఇస్తాడు. బయట జెండాలు పోతుంటే నేను నడుం విరిగేలా వంగి బెల్లం అచ్చు తెచ్చాను. మా వంటింటి బంద్ కూడా అచ్చం అలాంటిదే.

దసరా పొద్దున మామ ఎవరిదో బండి వెనకాల కూర్చుని వచ్చాడు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి గుడ్డ. కూర్చోకముందే ఉద్యమం ముచ్చట మొదలుపెట్టాడు.

"దీక్ష టెంట్ల కూసుంటున్న చెల్లే. దినమంత ఉపాసం. షుగర్ అదే దిగుతది."

"పొద్దుమూకి నిమ్మరసం తాపుతరు గద మామా, అండ్ల ఏమేస్తరు?" అన్నాను.

"నిమ్మకాయ," అన్నాడు మామ, నన్నొక తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసి.

అన్నానికి కూర్చున్నాక ఆయన ముందుగా వద్దన్నాడు. "చక్కెర గింజ వెయ్యలేదన్నా, ఒట్టు," అంది అమ్మ. ఇక ఆయనకు అడ్డేముంది? భక్షాల మీద నెయ్యి పోయించుకుని తిన్నాడు. పరమాన్నం మారు వేయించుకున్నాడు. పైన బెల్లం చాయ్ తాగాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది. నాకు ఒళ్లు మండింది. మధ్యమధ్య బాపు ఐరన్ సంగతి గుర్తుచేస్తూనే ఉన్నాడు.

సాయంత్రం జమ్మి ఆకు తెచ్చారు. మామ చేతిలో బంగారమని ఆకు పెట్టి, కాళ్లు మొక్కడానికి వంగాను. గుడ్డ కట్టిన కాలి మీద నల్లగా ఏదో కదులుతోంది. గోడ వారగా వచ్చిన చీమల బారు, కట్టు సందులోంచి లోపలికి పోతోంది.

"మామా, చీమలు కుడ్తలెవ్వా?"

"చీమలేడియి?" అంటూ ఆయన కిందికి చూశాడు.

అమ్మ పరుగున వచ్చి కొంగుతో దులిపి, కట్టు విప్పింది. పుండు తడితడిగా ఉంది. వేలు నల్లబడి ఉంది. దాని చుట్టూ చీమలే.

"నొస్తలేదా అన్నా?"

"ఏం తెలుస్తలేదు చెల్లే," అన్నాడు మామ. పొద్దుటి నుంచి నవ్వుతూ ఉన్న మనిషి, మొదటిసారి భయపడ్డాడు.

మర్నాడే జీపు మాట్లాడుకుని జగిత్యాల పోయాం. ఆ వేలు తీసేశారు. అమ్మ డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "సారూ, మా ఇంట్ల చక్కెర ముట్టలేదు. ఉత్త బెల్లమే పెట్టిన."

"బెల్లం తినొచ్చని ఎవరు చెప్పారమ్మా?" అన్నాడాయన.

అమ్మ బాపు వైపు చూసింది. బాపు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

"మా చెల్లెనేమనకుండ్రి సారూ," అన్నాడు మామ మంచం మీది నుంచి. "తిన్నది నేను. నాకెరుకనే బెల్లమంటే ఏందో." అమ్మ వైపు తిరిగి అన్నాడు: "భక్షాలు మాత్రం మంచిగుండె చెల్లే."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముగ్గురినీ నిలబెట్టి తిట్టాలని దారి పొడవునా మాటలు కూడబెట్టుకున్న నేను, ఒక్కటీ అనలేక ఆమెతో పాటే ఏడ్చాను.