ఎడమ రెక్క దగ్గర ఎవరూ లేరు

విమానాశ్రయంలో ఆమె అసలు పేరు హాజరు యంత్రానికి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె రెక్కలక్క. ట్రాక్టరు విమానాన్ని వెనక్కి నెడుతుంటే రెక్క కొన పక్కనే నడవడం పందొమ్మిదేళ్ళుగా ఆమె ఉద్యోగం. చేతుల్లో రెండు నారింజరంగు కర్రలుంటాయి. దారి ఖాళీగా ఉంటే ఒకటి పైకెత్తి ఉంచాలి. రెక్క దేనికైనా తగిలేలా ఉంటే రెండూ తలపైన అడ్డంగా పెట్టాలి. అంతే పని. ఆ అంతే పనికి ఆమె మెడ శాశ్వతంగా ఒక పక్కకు వాలిపోయింది. ఇంజన్ల హోరులో అరిచి అరిచి గొంతు లౌడు స్పీకరయింది. "నేను ఇంజన్ని కాదే, కాస్త మెల్లగా తిట్టు" అని వాచీలు బాగుచేసే భర్త బతిమాలుకుంటూ ఉంటాడు. అత్తగారు మాత్రం "మా కోడలు చెయ్యెత్తితేనే విమానం కదిలేది" అని వీధంతా చాటింపు వేస్తుంది. అందులో అతిశయోక్తి తక్కువే. ఆమె పక్కన నడిచిన ఏ రెక్కకూ ఇన్నేళ్ళలో గీత పడలేదు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మాత్రం ఒక విమానం ఎడమ రెక్క, వెనకదారిలో తన వంతు కోసం నిలబడ్డ ఇంకో విమానం తోకను చీల్చింది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ సమయంలో రెక్కలక్క కుడి రెక్క దగ్గర ఉంది. ఎడమ రెక్క దగ్గర ఎవరూ లేరు.

ఎందుకు లేరంటే, రెండు నెలల కిందట కంపెనీవారికి జ్ఞానోదయమైంది. రెండు రెక్కలకు ఇద్దరు మనుషులు దేనికని ఒక సర్క్యులర్ వెలువడింది. "ఇకపై ఒకరే నడిచెదరు. రెండవ రెక్కను సదరు ఉద్యోగి సందర్భానుసారముగా గమనించవలెను." రెండు రెక్కల మధ్య గోడంత పొట్టతో విమానమనేది ఒకటి ఉంటుందన్న స్వల్ప విషయం ఆ మహానుభావుల దృష్టికి రాలేదు. ఇది కుదరదని రెక్కలక్క కాగితం మీద రాసిచ్చింది. జవాబుగా విశ్రాంతి గది గోడ మీద పోస్టరు వెలిసింది: "మీ కళ్ళే మా భద్రత."

ఇప్పుడు ఆమె మెడలోని బ్యాడ్జి లాక్కుని విచారణకు పిలిచారు. బ్యాడ్జి లేకపోతే గేటు తెరుచుకోదు. గేటు తెరుచుకోకపోతే ఉద్యోగం లేదు.

"కూర్చోమ్మా. టీ తాగుతావా?" అన్నాడు విచారణాధికారి.

"వద్దు. అడగండి."

"ఎడమ రెక్క ఎందుకు చూడలేదు?"

"మీ వీపు మీకు కనబడుతుందా సార్?"

"అద్దంలో అయితే..."

"ఇప్పించండి మరి. నలభై అడుగుల అద్దం."

అధికారి టై సవరించుకున్నాడు.

"ఒక్కరే నడవాలని కాగితం పంపిందెవరు సార్?"

"అది విచారణ పరిధిలోకి రాదమ్మా."

ఆ పరిధి గీసినవారెవరో గానీ, తమ కుర్చీని వదిలేసి మిగతా భూమండలమంతా చుట్టి గీశారు.

"చూడమ్మా, మనలో మాట," అధికారి గొంతు తగ్గించాడు. "ఫారంలో ప్రమాద కారకుల గడి ఒక్కటే ఉంది. ఒక్క పేరే పడుతుంది. ట్రాక్టరు డ్రైవరు వేగంగా తోలాడని రాసిస్తే, నీ బ్యాడ్జి రేపే నీ మెడలో ఉంటుంది."

"రాయకపోతే?"

జవాబుగా ఆయన ఒక కాగితాన్ని బల్ల మీద ఆమె వైపు తోశాడు. డ్రైవరు చేతిరాత. "సదరు ఉద్యోగిని పరధ్యానంగా ఉన్నారు."

రెక్కలక్కకు చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. ఉద్యోగినట! ఎనిమిదేళ్ళుగా అక్కా అక్కా అంటూ తన క్యారేజీలో చెయ్యిపెట్టి తిన్నవాడు, కాగితం మీదికొచ్చేసరికి ఉద్యోగిని అన్నాడు! ఒక్క వాక్యం చాలు. వేగంగా తోలాడు. వెధవ ఇంటికి పోతాడు, తను రేపు పనిలో ఉంటుంది.

పెన్ను లాక్కుని, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా రాసింది.

"ట్రాక్టరు నా నడక వేగంతోనే వెళ్ళింది. పక్కన నడిచింది నేనే కాబట్టి నాకు తెలుసు. నేను కుడివైపు ఉన్నాను. ఎడమవైపు ఎవరూ లేరు. ఎవరినీ పెట్టొద్దన్నారు."

కారకుల గడిలో సర్క్యులర్ నంబరు వేసింది.

"అక్కడ మనిషి పేరు రాయాలమ్మా!"

"దాని కింద సంతకం పెట్టిన మనిషిని మీరెరుగుదురు. మీరే రాసుకోండి."

బయట వరండాలో డ్రైవరు బెంచీ మీంచి లేచాడు. "అక్కా... ఏం రాశావు?"

"నోర్ముయ్. ఉద్యోగినిగారూ అను."

"నువ్వు నా మీద రాసేశావని చెప్పారక్కా. అందుకే..."

"రాసిన కాగితం చూపించారా?"

"లేదు."

"నీది నాకు చూపించార్రా, గాడిదా! నువ్వు నా నడక వేగంతోనే తోలావని రాసొచ్చాను."

వాడు తల దించుకుని ముక్కు ఎగబీల్చాడు.

"ఏడుపు తరవాత. ముందు లోపలికెళ్ళి నీ కాగితం వెనక్కి అడుగు."

"ఇవ్వరేమోనక్కా."

"ఇంకోటి అడుగు. వాళ్ళ దగ్గర కాగితాలకేం కరువు?"

"ఇద్దరి ఉద్యోగాలూ పోతే?"

"పోతే పోనీ. ఒక్కరే పట్టే గడిలో ఇద్దర్నీ ఎలా కూరతారో నేనూ చూస్తాను. నడు!"

వరండాలో గుమాస్తాలందరూ తలలెత్తారు. డ్రైవరు చొక్కా అంచుతో మొహం తుడుచుకుని తలుపు తోశాడు.

"సార్, నేను పొద్దున రాసింది అబద్ధం. అక్క పరధ్యానంగా లేదు."

"నెమ్మదిగా మాట్లాడు. ముందా తలుపు మూయి," అన్నాడు అధికారి.

వాడు మూయబోయాడు. తలుపు పడలేదు. సందులో రెక్కలక్క బూటు ఉంది.